లాగావంటే పోయినట్టే: సెవెన్ మైల్ బీచ్‌లో నా వైటింగ్ వేట

మా నాన్న నాకు నేర్పిన చేపల వేటలో సూత్రం ఒక్కటే. బెండు మునిగిందా, లాగెయ్. నెల్లూరులో మా ఇంటి వెనక కాలువ గట్టున ఎనిమిదేళ్ళ వయసులో నేర్చుకున్న ఆ ఒక్క ముక్క, ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆస్ట్రేలియాలో ఒక సముద్రపు ఒడ్డున నా కొంప ముంచింది.

కాలువలో వేటకు పెద్ద సరంజామా ఏమీ ఉండేది కాదు. వెదురు కర్ర, నైలాన్ దారం, గాలం, బెండుకు ఎండిన జొన్న దంటు ముక్క. పెరట్లో అంట్లు తోమే చోట తవ్వితే వానపాములు దొరికేవి. వాటిని మేం ఎర్రలనే అంటాం. పడేవి పరిగెలు, జెల్లలు. జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యంతా జివ్వుమంటే, ఏడుస్తూనే రెండో చేత్తో గాలం వేసేదాన్ని. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్ళి, వీసా. గాలం సంగతే మర్చిపోయాను.

మేముండేది సిడ్నీలో, వెంట్‌వర్త్‌విల్‌లో. ఇడ్లీ పిండి నుంచి గోంగూర దాకా నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఒక్క చేప దగ్గరే నాకు లోటు. ఇక్కడ అన్నీ ముళ్ళు తీసేసిన ముక్కలు. తలా తోకా ఉన్న చేప కొనాలంటే వెతుక్కోవాలి. ఒకరోజు చేపల కొట్లో గాజు పెట్టె వెనకాల, ఐసు మీద వరసగా పేర్చిన సన్నటి చేపలు కనిపించాయి. వెండి రంగు ఒళ్ళు, పసుపు రెక్కలు, ముందుకు సాగిన కూచి మూతి. దీన్నెక్కడో చూశానే అనుకున్నాను. సాండ్ వైటింగ్ అని రాసి ఉంది. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, దీని శాస్త్రీయ నామం సిల్లాగో సిలియాటా. మన బంగాళాఖాతంలో దొరికే సిల్లాగో సిహామాకి దగ్గరి చుట్టం. మద్రాసులో కిళంగాన్ అంటారే, అదే. నాన్న మద్రాసులో ఉద్యోగం చేసిన ఆరేళ్ళూ మా ఇంట్లో ఆదివారం వేపుడు ఆ చేపే.

ఇక పట్టాల్సిందే అనుకున్నాను. కొనుక్కు తినొచ్చు కదా అని మా ఆయన అన్నాడు. ఆ మాట ఆయన ఈ కథలో ఇంకో రెండుసార్లు అంటాడు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో సరదాకి చేపలు పట్టాలన్నా లైసెన్సు కావాలి. సముద్రమైనా, నది అయినా. ఏడాదికి 35 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు కాబట్టి మావాడికి తీసుకోలేదు. వాడికి పద్నాలుగు. డిసెంబరు సెలవుల్లో ఫోన్ చూస్తూ కూర్చునే బదులు నాతో రావడానికి ఒప్పుకున్నాడు, దారిలో చికెన్ బర్గర్ షరతు మీద.

మేం ఎంచుకున్నది జెరోవా ఊరి దగ్గరి సెవెన్ మైల్ బీచ్. మా ఇంటి నుంచి దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. పేరుకు తగ్గట్టే పొడవాటి ఇసుక, చదునుగా, గట్టిగా ఉంటుంది. 1933 జనవరిలో ఆస్ట్రేలియా వైమానికుడు చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ తన 'సదరన్ క్రాస్' విమానాన్ని న్యూజీలాండ్‌కి ఎగరేసింది ఈ ఇసుక మీద నుంచే. కొండ మీద దానికో స్మారకం కూడా ఉంది. విమానం పరుగెత్తగలిగినంత చదునైన ఒడ్డు కాబట్టే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బోలెడంత తడి ఇసుక బయటపడుతుంది. నాకు కావలసిన పురుగులుండేది ఆ తడి ఇసుకలోనే. ఆ సంగతి మొదటిసారి వెళ్ళినప్పుడు తెలియదు.

మొదటిసారి నేను చేసినవన్నీ తప్పులే. కొట్లో కుర్రాడు అమ్మిన పన్నెండడుగుల లావుపాటి రాడ్డు, గుప్పెడంత సీసపు గుండు, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన రొయ్యలు. బలమంతా తీసి అలల అవతలికి విసిరేదాన్ని. ఎంత దూరం పడితే అంత గొప్ప అనుకున్నాను. మూడు గంటల్లో దారానికి చుట్టుకుని వచ్చింది సముద్రపు నాచు. రొయ్యల్ని పీతలు ఊడ్చుకుపోయాయి.

మాకు వంద గజాల దూరంలో ఒక పెద్దాయన చీలమండ లోతు నీళ్ళలో నడుస్తున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి రాడ్డు, నడుముకు వేలాడే సంచి. విసిరేవాడు కూడా కాదు, ఊరికే ముందుకు జార్చేవాడు, పదిహేను గజాలు కూడా పోయేది కాదు. ప్రతి పది నిమిషాలకీ వంగి, ఏదో తీసి సంచిలో వేసుకుంటున్నాడు. చివరికి సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను. ఇక్కడి పెద్దవాళ్ళు పరాయి ఆడవాళ్ళని కూడా 'లవ్' అని పిలుస్తారు, మన 'అమ్మాయ్' లాంటిదే. నా వైపు చూసి నవ్వి, నువ్వు చేపల నెత్తి మీంచి విసురుతున్నావు లవ్, అవి నీ కాళ్ళ దగ్గరే ఉన్నాయి అన్నాడు.

నిజమే. వైటింగ్ లోతు నీళ్ళ చేప కాదు. అల విరిగి ఇసుకను కలియబెట్టినప్పుడు బయటపడే పురుగుల కోసం, చిన్న పీతల కోసం, మోకాలి లోతు నీళ్ళలోకే వచ్చేస్తుంది. దాని మూతి గొట్టంలా కిందికి సాగుతుంది, దాంతో ఇసుకలోంచి తిండిని పీల్చుకుంటుంది. పెద్దాయన సంచి తెరిచి చూపించాడు. తొమ్మిది చేపలు. పక్కనే ఒక ప్లాస్టిక్ డబ్బాలో పొడి ఇసుక, దాన్లో మెలికలు తిరుగుతున్న గులాబీ రంగు తాళ్ళు. బీచ్‌వర్మ్ అన్నాడు. ఒకదాన్ని పైకెత్తితే మీటరు పైనే వేలాడింది. మా ఎర్రలకు పదింతలు. రెండు మీటర్లు దాటేవి కూడా ఉంటాయట. మావాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎర కొట్లో వీటి ధర అడిగితే ఒక్కోటి దాదాపు ఒక కాఫీ ఖరీదు. ఎందుకంత అంటే, నువ్వే పట్టి చూడు తెలుస్తుంది అన్నాడు కొట్టతను. పట్టి చూశాను. తెలిసింది.

ఈ పురుగులు ఇసుకలో నిలువుగా ఉంటాయి. కళ్ళు అంతంతమాత్రం, ముక్కు మాత్రం అమోఘం. పోటు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక మీద కుళ్ళిన చేప వాసన పారిస్తే తల బయట పెడతాయి. అందుకని చేపల కొట్లో ముక్కలు కోశాక మిగిలే తలలు, వెన్నుముళ్ళు అడిగి తెచ్చుకోవాలి. వాటిని ఉల్లిపాయల వల సంచిలో వేసి, రెండు రోజులు ఎండలో పెట్టాలి. ఎంత కంపు కొడితే అంత మేలు. మా ఆయన పెట్టిన షరతు ఏమంటే, ఆ సంచి కారు లోపలికి రాకూడదు. డిక్కీలో, మూడు కవర్లలో చుట్టి, మూత బిగించిన బకెట్లో పెట్టాను. దారి మధ్యలో ఒక మలుపు దగ్గర బకెట్టు పడింది. ఆ తర్వాత గంటసేపు కిటికీలన్నీ దించుకుని, ఎవరం మాట్లాడుకోకుండా వెళ్ళాం. కొనుక్కు తినొచ్చు కదా అని ఆయన రెండోసారి అన్నది అప్పుడే.

అది జనవరిలో ఒక ఆదివారం. ఆ రోజు ఏ పనీ కలిసి రాలేదు. ఈశాన్యపు గాలి వీస్తోంది. వేసవిలో ఆ గాలితో పాటు బ్లూబాటిల్స్ అనే, జెల్లీచేపల్లాంటి కుట్టే జీవులు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. నీలం బుడగ, దాని కింద పొడవాటి తీగలు. తీగ తగిలితే కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చార. మావాడి పిక్కకు ఒకటి చుట్టుకుంది. ఇక్కడ చెప్పే చికిత్స తేలికైనదే. సముద్రపు నీళ్ళతో కడిగి, తీగలు తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి. వెనిగర్ పోయకూడదు, అది ఉత్తరాన ఉండే వేరే రకం జెల్లీచేపలకు. కానీ బీచ్ దగ్గరి షవర్‌లో వచ్చేవి చన్నీళ్ళు. దగ్గర్లో ఒక టీ కొట్టామె బకెట్టు నిండా వేడినీళ్ళిచ్చింది. దాంట్లో కాలు పెట్టుకుని వాడు బర్గర్ తిన్నాడు. నేను ఆ వేళకు ఎన్ని పురుగులు పట్టానో అడిగాడు.

సున్నా.

పురుగులు కనిపించక కాదు. వాసన సంచిని నీళ్ళు వెనక్కి జారే చోట అటూ ఇటూ ఆడిస్తే, పలచటి నీటి పొర మీద అక్కడక్కడా చిన్న 'వి' ఆకారంలో గీత పడుతుంది. అది పురుగు తల. చిటికెన వేలి గోరంత. అది కనిపించే సమయం రెండు మూడు సెకన్లు, తర్వాతి అల వచ్చేలోపు. నేను గబుక్కున వంగి పట్టుకుని లాగేదాన్ని. చేతిలో ఇసుక. మళ్ళీ చూసి, మళ్ళీ వంగి, మళ్ళీ లాగి. మళ్ళీ ఇసుక. ఒక్కసారి మాత్రం ఏదో చిక్కింది. లాగితే అర అంగుళం తల తెగి చేతికొచ్చింది. మిగతా ఒళ్ళు భూమిలోకి దిగిపోయింది. పాపం చేసినట్టనిపించింది.

పెద్దాయన ఆ రోజూ ఉన్నాడు. ఆ ఊరివాడే, రోజూ వస్తాడట. నా అవస్థ చాలాసేపు దూరం నుంచి చూసి చూసి, చివరికి దగ్గరికి వచ్చాడు. ముందు ఆకాశం వైపు చూపించాడు. చంద్రుడు సగం ఉన్న రోజులివి, సముద్రం సరిగ్గా వెనక్కి పోదు, పెద్ద పురుగులుండే ఇసుక ఇంకా నీళ్ళ కిందే ఉంది అన్నాడు. తర్వాత నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చేసి చూపించాడు.

ఎడమ చేతిలో పిపి మాంసం. పిపి అంటే ముక్కోణపు ఆల్చిప్ప, తడి ఇసుకలో మడమలు అటూ ఇటూ తిప్పుతూ దిగితే కాలికి తగులుతుంది. ఈ తీరంలో ఆదివాసులు వేల ఏళ్ళుగా తిన్న ఆహారం ఇది. ఇప్పుడు మాత్రం ఎరగా అక్కడికక్కడ వాడుకోవాలే తప్ప, పోటు గీత దాటి యాభై మీటర్ల అవతలికి తీసుకుపోకూడదని చట్టం. ఆ మాంసాన్ని తల ముందు, ఇసుకకు ఆనించి పట్టుకున్నాడు. పురుగు వచ్చి కరిచింది. ఆయన కదల్లేదు. కరిచి లాగింది. అయినా కదల్లేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం ఇసుకలోకి నెమ్మదిగా, పురుగుకు చెరోవైపూ, దానికి తగలకుండా దించాడు. పురుగు పట్టు బిగించి, మాంసాన్ని చించుకోవడానికి మెడ విల్లులా వంచింది. ఆ క్షణంలో వేళ్ళు మూసుకున్నాయి. అప్పుడు కూడా గుంజలేదు. బిగించి పట్టుకుని, ఒకే వేగంతో, నిట్టనిలువునా పైకి తీశాడు. బావిలోంచి చేద తోడినట్టు వస్తూనే ఉంది.

దీనికి వందల కాళ్ళుంటాయని, మెడ నిటారుగా ఉన్నంతసేపూ వాటితో ఇసుకను పట్టుకునే ఉంటుందని చెప్పాడు. విల్లులా వంగినప్పుడే పట్టు సడలుతుంది. అంతకు ముందు ముట్టుకుంటే మాయం. కొందరు చిన్న పట్టకారు వాడతారు, అదీ తప్పు కాదు. ఆయనకు మాత్రం వేళ్ళే ఇష్టం.

ఇంటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. పురుగు సంగతి చెబితే ఆయన నవ్విన నవ్వుకు అమ్మ కూడా ఫోన్ దగ్గరికొచ్చింది.

"ఎర్రను పట్టలేకపోయినావా? పారతో తవ్వితే సరిపోయె గదమ్మా."

"తవ్వితే తెగిపోద్ది నాన్నా. తెల్లవారేదాకా తవ్వినా అది ఇంకా కిందికే పోతా ఉంటది."

నాన్నతో మాట్లాడేటప్పుడు నా మాట దానంతటదే నెల్లూరికి వెళ్ళిపోతుంది. మావాడికి అది పెద్ద తమాషా.

తర్వాత నేను చేసిన పని, గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి చూడడం. అమావాస్యకు, పౌర్ణమికి ఆటుపోట్లు పెద్దవని బళ్ళో చదువుకున్నదే. సిడ్నీ తీరంలో దానికి ఇంకో వాటం కూడా ఉంది. ఆ రోజుల్లో పోటు పొద్దునా రాత్రీ ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల్లో వస్తుంది. అంటే నీళ్ళు బాగా వెనక్కి పోయేది మధ్యాహ్నం పూట. వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి మూడున్నర అనుకోండి. మధ్యాహ్నం పురుగులు పట్టుకోవచ్చు, అక్కడి నుంచి నీళ్ళు ఎక్కుతుంటే చీకటి పడేదాకా చేపలు పట్టొచ్చు. వైటింగ్ మేతకొచ్చేది కూడా సరిగ్గా ఆ ఎక్కే నీళ్ళలోనే, సందె వేళలో. ఫిబ్రవరిలో అమావాస్య శనివారం పడింది.

"అమావాస్య పూట ప్రయాణమేందమ్మా" అన్నాడు నాన్న.

"తమిళోళ్ళకి మంచి రోజే గదా నాన్నా. మద్రాసులో ఆరేళ్ళు ఉన్నావు."

ఆయన కాసేపు ఆలోచించి, అట్టయితే పో అన్నాడు.

ఈసారి సామాను మార్చాను. లావు రాడ్డు ఇంట్లోనే వదిలేసి, పదడుగుల సన్నటిది తీసుకున్నాను. మూడు కిలోల బరువు తట్టుకునే దారం, దాని మీద అటూ ఇటూ జారే బఠాణీ గింజంత సీసపు గుండు, కింద దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క స్వివెల్, అక్కడి నుంచి రెండు జానల సన్న దారం, చివర నాలుగో నంబరు గాలం, కాడ పొడుగ్గా ఉండే రకం. వైటింగ్ నోరు చిన్నది, గాలం పెద్దదైతే నోట్లోకే పోదు. కాడ పొడుగైతే పురుగును దాని మీదికి మేజోడులా తొడగొచ్చు.

రెండింటికి దిగాం. సముద్రం ఎంత వెనక్కి పోయిందంటే, జనవరిలో నేను నడుము లోతున నిలబడ్డ చోట ఇప్పుడు పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. మావాడు వాసన సంచిని తాడుతో లాగుతూ నడిచే ఉద్యోగం తీసుకున్నాడు, ముక్కుకు చొక్కా కట్టుకుని. నేను మోకాళ్ళ మీద.

మొదటి పురుగు పోయింది. రెండోది పోయింది. మూడోది పిపిని కరిచినప్పుడు నా గుండె ఎంత కొట్టుకుందంటే వేళ్ళు వణికాయి, ఆ వణుకుకే అది దిగిపోయింది. ఏడోదో ఎనిమిదోదో మాంసాన్ని పట్టుకుని గుంజుతోంది. లాగాలని చెయ్యి తన్నుకుపోతోంది. ఎడమ చేతికి తెలుస్తోంది ఆ గుంజుడు, కాలువలో దారం కదిలినట్టే. పళ్ళు బిగబట్టుకుని ఆగాను. అల ఒకటి వచ్చి మోచేతుల దాకా ముంచి పోయింది. నీళ్ళు తేటపడ్డాక చూస్తే ఇంకా పట్టుకునే ఉంది, మొండిది. మెడ వంచింది. నొక్కేశాను. తడిసిన రబ్బరు బ్యాండులా, సన్నగా జారుతూ, ఒక్కో గుప్పెడూ బయటికి వచ్చింది. నా చెయ్యి భుజం పైకి లేచినా తోక ఇంకా ఇసుకలోనే ఉంది. మావాడు అరిచిన అరుపుకు గల్ కొంగలు లేచిపోయాయి. వాటిని కొంగలనడం తప్పే, కానీ మా ఇంట్లో వాటి పేరు అదే.

ఆ తర్వాత గంటలో అయిదు పట్టాను, నాలుగు పోగొట్టుకున్నాను. మనిషికి ఇరవై దాకా అనుమతి ఉంది, నాకు అంత ఆశ లేదు. పట్టిన వెంటనే పొడి ఇసుకలో పొర్లించాలి, లేకపోతే జిగురుకు చేతిలో నిలవవు. నీడలో, గాలి ఆడే డబ్బాలో, ఒకదానికొకటి చుట్టుకోకుండా ఉంచాలి. మంచినీళ్ళు తగలనివ్వకూడదు.

నాలుగున్నరకు నీళ్ళు తిరిగాయి. ఇక్కడివాళ్ళు గట్టర్ అంటుంటే మొదట్లో నాకు మురిక్కాలవే గుర్తొచ్చేది. అసలు సంగతి ఏమంటే, ఒడ్డుకీ అవతలి ఇసుక తిన్నెకీ మధ్య ఒడ్డు వెంట సాగే లోతు. అలలు తిన్నె మీద తెల్లగా విరుగుతాయి, లోతు మీద మాత్రం నీళ్ళు ముదురు రంగులో, నునుపుగా ఉంటాయి. పోటు ఎక్కేటప్పుడు చేపలు దాంట్లోంచి నడిచొచ్చి, తిన్నె అంచుల మీద మేస్తాయి. పెద్దాయన చెప్పినట్టు ఆ అంచు మీద నిలబడ్డాను. సముద్రానికి వీపు తిప్పకుండా, మోకాలు దాటి దిగకుండా. మావాడిని అంతకంటే లోపలికి రానివ్వలేదు, అక్కడి రిప్ ప్రవాహాలు ఈత వచ్చినవాళ్ళని కూడా లాక్కుపోతాయి.

నాలుగు వేళ్ళంత పురుగు ముక్కను గాలం మీదికి ఎక్కించి, ఒక సెంటీమీటరు తోక ఊగేలా వదిలాను. పదిహేను గజాలు. గుండు నేలకు తగిలాక, రీల్‌ని అన్నం కలిపినంత నెమ్మదిగా తిప్పాలి. కదిలే ఎరంటేనే దానికి మోజు. మూడోసారికి తగిలింది. టక్‌టక్‌టక్ అని, తలుపు మీద గోటితో కొట్టినట్టు.

లాగాను. ఇంకేం చేస్తాను. గాలం ఖాళీగా గాల్లోకి లేచి నా టోపీకి తగులుకుంది.

రెండోసారీ లాగాను. మూడోసారి మావాడు వెనక నుంచి "అమ్మా, లాగకు!" అని అరిచాడు. లాగకుండా ఉండడం కోసం రాడ్డును చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో రీల్ మాత్రం అంతకు ముందులాగే తిప్పుతూ ఉన్నాను. టక్‌టక్. తిప్పాను. టక్‌టక్‌టక్. ఇంకా తిప్పాను. ఉన్నట్టుండి రాడ్డు కొస కిందికి వంగి అలాగే ఉండిపోయింది. పురుగుతో పాటు గాలాన్ని పీల్చుకుని, తనంతట తానే పక్కకు తిరిగి పరుగెత్తింది చేప. వైటింగ్‌కి గాలం గుచ్చాల్సిన పని మనది కాదు.

ఒడ్డుకు తేవడంలో ఇంకో తిరకాసు. అల వెనక్కి పోయేటప్పుడు లాగితే చేప బరువుకు నీటి బరువు తోడై దారం పుటుక్కుమంటుంది. అప్పుడు దారం కాస్త వదలాలి. తర్వాతి అల ఎత్తుకొచ్చేటప్పుడు దాంతోపాటు నాలుగడుగులు వెనక్కి నడవాలి. అల వెళ్ళిపోయాక చూస్తే, తడి ఇసుక మీద వెండిలా పడుంది. బకెట్ మూత మీద అతికించిన స్కేలుకు ఆనిస్తే ఇరవై ఆరు. చట్ట ప్రకారం ఇరవై ఏడు సెంటీమీటర్లుండాలి. ఇంకోసారి కొలిచాను, తోకను కాస్త సర్దాను. ఇరవై ఆరే. చెయ్యి తడుపుకుని పట్టుకుని, నీళ్ళలో వదిలాను. మావాడి ముఖం చూడలేకపోయాను.

తర్వాత పడ్డవి పెద్దవే. ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్పై మూడు. మధ్యలో చిన్న డార్ట్ చేపలు రెండు, ఎర పాడు చేయడానికే పుట్టినట్టు. మావాడు ఒకటి పట్టాడు, నాకంటే బాగా, వాడికి బెండు అలవాటు లేదు కదా. ఏడున్నరకు ఎండ కొండల వెనక్కి జారాక అర గంట సేపు వేసినప్పుడల్లా తగిలింది. చివరికి ఏడు చేపలు, పురుగు ముక్క ఒకటి మిగిలాయి. ఆ ముక్క నేను దాచుకోకుండా పెద్దాయనకిచ్చాను. ఆయన ఆ రోజు పురుగులే పట్టలేదు, నడుము పట్టేసిందట. మా బకెట్లోకి తొంగి చూసి ముప్పై మూడు సెంటీమీటర్ల దాన్ని వేలితో తట్టాడు, అంతే.

ఐసులో సముద్రపు నీళ్ళు పోసి, ఆ గుజ్జులో ముంచి తీసుకొచ్చాం. వైటింగ్ మాంసం సున్నితం, ఎండలో గంట ఉంటే మెత్తబడిపోతుంది. రాత్రి పదకొండింటికి వెనక పెరట్లో టార్చి వెలుగులో పొలుసు గీశాను. తేలిగ్గా రాలుతుంది. పక్కలకు గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, పైన కాస్త బియ్యప్పిండి. ఇనప పెనం మీద అయిదుకి నూనె పోసి కాల్చాను. మిగతా రెండూ నెల్లూరు పద్ధతిలో మామిడికాయ వేసి పులుసు పెడితే ముక్క విడిపోయి, ముల్లూ మాంసం కలిసి, గరిటెకు అందలేదు. పులుసుకు ఇది పనికిరాదు. వేపుడుకు మాత్రం ఇంతకు మించింది నేను ఈ దేశంలో తినలేదు. మా ఆయన మూడు తిన్నాడు. మూడోది తింటూ, కొనుక్కున్నా ఇలాగే ఉంటుందేమో అన్నాడు. నేనేమీ అనలేదు. డిక్కీ ఇంకా కంపు కొడుతోందన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

పడుకునే ముందు నాన్నకు ఫొటో పంపాను. స్కేలు పక్కన పెట్టి, ముప్పై మూడుది. అక్కడ సాయంత్రం, వెంటనే ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, ఇది కిళంగానే గదా?"

"అదే నాన్నా. దాని చుట్టం."

"మైపాడులో అడుగు, వలకి బుట్టలు బుట్టలు పడతాయి. దీని కోసమా ఆస్ట్రేలియాలో మూడు నెలలు తిరిగినావు?"

"పురుగు కోసం రెండు నెలలు తిరిగినా. చేప ఒక్క పూటే."

ఆయన ఫొటోని పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు, కాసేపు మాట్లాడలేదు.

"బెండు యాడ?"